తొమ్మిది గంటల దూరం

క్రిందటి వారం బ్రేకమ్మను ఆసుపత్రి మెట్ల మీద వదిలిపెట్టాం. వారం రోజులూ అక్కడే కూర్చునే మనిషైతే కాదు ఆవిడ. అయినా మధ్యలో వచ్చి కలిసినవాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పుకుని ముందుకు పోదాం.

బ్రేకమ్మది డ్రైవింగ్ స్కూలు. నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చుని "బ్రేకమ్మా, బ్రేకు, బ్రేకు" అని రోజంతా అరిచి అరిచి ఆ పేరు తెచ్చుకుంది. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడే. పెరిగి పెద్దవాడైన తమ్ముడు ఏడువేల కిలోమీటర్ల అవతల ఒక రేవు పట్నంలో, ఓడలు బాగుచేసే యార్డులో వెల్డింగు మేస్త్రీ అయ్యాడు. ఒకరోజు పని జరుగుతున్న ఓడ అడుగున మంటలు లేచాయి. ముగ్గురు అందులోనే పోయారు. తమ్ముడు ప్రాణంతో బయటపడ్డాడు గానీ, మింగిన పొగకు ఊపిరితిత్తులు కమిలిపోయాయి.

సొంత ఊళ్ళో, సొంతవాళ్ళ మధ్య వైద్యం జరగాలన్నాడు యార్డు యజమాని. అందరూ పెద్దాయన అని పిలిచే ఆ మనిషి తన ఖర్చుతో అంబులెన్సు విమానం మాట్లాడాడు. ఆ విమానాశ్రయం నుంచి ఈ విమానాశ్రయానికి తొమ్మిది గంటలు, మధ్యలో ఎక్కడా దిగేది లేదు అన్నారు విమానం కంపెనీవాళ్ళు. తోడుగా భార్యను ఎక్కించుకోమంటే చోటు లేదన్నారు. బ్రేకమ్మ ఫోన్లోనే పెద్దాయనకు దణ్ణాలు పెట్టింది. దేవుడులాంటి మనిషివయ్యా అంది.

దీపాలు పెట్టే వేళకు రావలసిన విమానం నడిరాత్రికి వచ్చింది. ఎక్కేటప్పుడు పెళ్ళానికి చేత్తో సైగ చేసి "వెళ్ళొస్తా" అన్నవాడు, దిగేటప్పటికి పెదవులు నీలంగా మారి, పిలిస్తే పలకకుండా పడి ఉన్నాడు. మూడు రోజులు చూశాక డాక్టరు బ్రేకమ్మను పక్కకు పిలిచి మెల్లగా అన్నాడు: "దారిలో ఎక్కడో మీ తమ్ముడికి చాలాసేపు గాలి అందలేదమ్మా. అప్పుడే దెబ్బ తగిలింది."

ఆ మాట వినే ఆవిడ మెట్ల మీద కూలబడింది. మనం అక్కడ ఆగాం.

మర్నాడు పొద్దున్నే మరదలు దిగింది. అంబులెన్సు విమానంలో చోటివ్వలేదు కాబట్టి మామూలు టిక్కెట్టు కోసం కాళ్ళరిగేలా తిరిగి, రెండుచోట్ల విమానం మారి, కుర్చీల్లోనే నిద్రపోతూ వచ్చింది. మొగుణ్ణి అద్దంలోంచి చూసి ఏడిచింది. ఏడుపు కాస్త తెరిపినిచ్చాక బ్రేకమ్మ అడిగింది.

"విమానం ఐదు గంటలు ఆలస్యంగా లేచిందట కదమ్మా మీ దగ్గర?"

మరదలు మొహం తుడుచుకుంటూ ఆగిపోయింది. "ఎవరన్నారు వదినా? ఆలస్యం ఎక్కడ? పొద్దు పొడిచేసరికి లేచింది. కంచె పట్టుకుని నిలబడ్డాను. మబ్బుల్లో కలిసేదాకా చూశాను."

అక్కడే ఉన్న మావయ్య గొంతు సవరించుకున్నాడు. ఈయన బ్రేకమ్మ మేనమామ. నోట్లో నాలుక లేని మనిషి. ఎక్కడ గొడవ జరిగేలా అనిపించినా మంచినీళ్ళు తెప్పించి కూర్చోబెడతాడు. "అదేం కాదమ్మాయ్. వాళ్ళ గడియారం వేరు, మన గడియారం వేరు. వాళ్ళకు పొద్దు పొడిచేసరికి మనకు కాఫీలు కూడా అయిపోతాయి. ఆ తేడానే మీరు ఆలస్యం అనుకుంటున్నారు."

"ఆ తేడా తీసేసే చెబుతున్నాను బాబాయ్," అంది మరదలు. "పెళ్ళయినప్పటినుంచి వదినకు ఫోను చేయాలంటే రోజూ వేసుకునే లెక్కేగా. విమానం గాల్లోకి లేచినప్పటినుంచి ఇక్కడ నేల తాకేదాకా పద్నాలుగు గంటలు."

బ్రేకమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. చెప్పుల్లో కాళ్ళు పెట్టి, కారు తాళాలు అందుకుంది. ఈవిణ్ణి ఒంటరిగా పంపితే ఏ మొహం మీద చెయ్యి పడుతుందో అని మావయ్య కండువా సర్దుకుంటూ వెంటపడ్డాడు.

కంపెనీ ఆఫీసు విమానాశ్రయానికి వెనకవైపు, సరుకుల లారీలు లోపలికి పోయే గేటు పక్కన ఉంది. రెండు గదులు, చల్లటి గాలి, గాజు బల్ల. గోడ నిండా ప్రపంచపటం. దాని మీద ఊరికీ ఊరికీ మధ్య ఎర్రగీతలు. మేనేజరు సన్నగా, తెల్లగా, ఇస్త్రీ చొక్కాలో నవ్వుతూ కూర్చున్నాడు. ఆ నవ్వు పొద్దున చొక్కాతో పాటు తొడుక్కుని సాయంత్రం చొక్కాతో పాటు విప్పేసేది.

"రండి మేడం. కూర్చోండి. ఎలా ఉన్నారు మన పేషెంటు?"

"మన కాదు, మా," అంది బ్రేకమ్మ. కూర్చోలేదు. "విమానం ఎందుకు ఆలస్యమైంది?"

"ఆ రోజే చెప్పాం కదా మేడం. అక్కడ బయల్దేరడమే ఆలస్యమైంది."

"నా మరదలు కంచె దగ్గర నిలబడి చూసింది. పొద్దు పొడిచేసరికి లేచిందంది."

"పాపం ఆవిడ ఆ కంగారులో ఏ విమానం చూశారో..."

"మొగుణ్ణి ఏ విమానంలోకి ఎక్కించారో తెలుసుకోలేనంత వెర్రిబాగులదేం కాదు అది. ఇప్పుడు చెప్పండి. దాని కళ్ళు అబద్ధమా, మీ నోరు అబద్ధమా?"

మేనేజరు నవ్వు ఒక పక్కకు జరిగింది గానీ ఊడిపోలేదు. "సరే మేడం, మీతో దాచేదేముంది. లేచింది వేళకే. దారిలో ఎదురుగాలి. ఇంతంత దూరాలు పోయేటప్పుడు గాలివాటం మన చేతిలో ఉండదు. మీరు కారు నడుపుతారట కదా, మీకు తెలియనిదా?"

"ఎదురుగాలి ఐదు గంటలు వెనక్కి పట్టి లాగిందా?"

"ఒక్కొక్కసారి అంతే మేడం."

అప్పటిదాకా గోడమీది పటం చూస్తూ నిలబడ్డ మావయ్య ఇటు తిరిగాడు. ఆయన మొహంలో నిజమైన ఆశ్చర్యం తప్ప ఇంకేమీ లేదు. "మరి పెట్రోలు సరిపోయిందా బాబూ?"

"పెట్రోలు కాదండీ, ఇంధనం," అన్నాడు మేనేజరు.

"అదే, ఏదో ఒకటి. తొమ్మిది గంటలకు పోయించుకుని పద్నాలుగు గంటలు తిరిగితే మా అమ్మాయి కారైతే నడిరోడ్డు మీద ఆగిపోతుంది. దిగి తోస్తాం. గాల్లో ఏం చేస్తారు మరి?"

మేనేజరు తేలుకుట్టిన దొంగలా ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, బల్లమీది పెన్ను తీసి మళ్ళీ అక్కడే పెట్టాడు.

"దిగింది," అన్నాడు చివరికి. "మధ్యలో ఒకచోట దిగింది. ఇంధనం కోసమే. చిన్న హాల్టు."

"ఆగదన్నారు."

"అవసరాన్ని బట్టి..."

"ఆగని బండి అని చెప్పి ఎక్కించుకున్నారు. తర్వాత ఆలస్యంగా లేచిందన్నారు. తర్వాత ఎదురుగాలన్నారు. ఇప్పుడు ఇంధనమంటున్నారు. గంటలో ఇంకో మాటంటారు. ఇంధనం పోయడానికి ఐదు గంటలెందుకు? చెంబుతో పోశారా?"

"మేడం, మీరు కోపంలో ఉన్నారు. అర్థం చేసుకోగలను. ఏడువేల కిలోమీటర్ల ప్రయాణంలో ఇలాంటివి మామూలే."

మావయ్య కళ్ళు మూసుకున్నాడు. ఎందుకంటే బ్రేకమ్మ గొంతు పెంచలేదు, తగ్గించింది. రోజంతా అరిచే మనిషి మెల్లగా మాట్లాడడం మొదలుపెడితే అవతలివాడికి మూడినట్టేనని ఆయనకు చిన్నప్పటినుంచీ తెలుసు.

ఆవిడ గాజుబల్ల మీద రెండు చేతులూ ఆనించి వంగింది. "నువ్వొకసారి ముక్కు మూసుకో."

"ఏంటి మేడం?"

"ముక్కు మూసుకో. నోరు కూడా. నేను చాలు అనేదాకా తియ్యకు. నాకు టీ తాగబుద్ధవుతోంది, బయటికెళ్ళి తాగి, రోడ్డు మీద నాలుగు మాటలు మాట్లాడుకుని వస్తాను. అప్పుడు చెబుతాను చాలు అని. అదే కదా నువ్వు మామూలే అంటున్నది? మూసుకో మరి. చేతకాదు కదూ. నీ ఊపిరైతే ఊపిరి, మావాడి ఊపిరైతే మామూలు."

మేనేజరు నవ్వు అప్పుడు పూర్తిగా ఊడింది. లేచి నిలబడ్డాడు. "మీరు మర్యాదగా మాట్లాడకపోతే సెక్యూరిటీని పిలవాల్సొస్తుంది."

సెక్యూరిటీ రాలేదు గానీ, తలుపు తోసుకుని ఇంకో మనిషి వచ్చాడు. నలభై దాటినవాడు, బట్టతల. చేతిలో మడతపెట్టిన నీలం యూనిఫారం, దాని మీద గుర్తింపు కార్డు. లోపల ఎవరో ఉన్నారని చూసి వెనక్కి తిరగబోయినవాడల్లా బ్రేకమ్మను చూసి ఆగాడు. ఆవిడ కూడా పోల్చుకుంది. ఆ రాత్రి విమానం మెట్ల మీద తమ్ముడి తల పట్టుకుని దిగిన నర్సు ఇతనే.

"మీ తమ్ముడు ఎలా ఉన్నాడమ్మా?" అని అడిగాడు. మేనేజరు అడిగిన మాటే. కానీ ఇతనికి జవాబు కావాలి.

"కళ్ళు తెరవలేదు," అంది.

నర్సు తల దించుకున్నాడు. "యూనిఫారం అక్కడ పెట్టి వెళ్ళు," అన్నాడు మేనేజరు గబగబా. "మేడం, ఇతను మా ఉద్యోగి కాదు. మానేశాడు. ఇతని మాటలకు మా బాధ్యత లేదు."

"అతనింకా ఏ మాటా అనలేదే," అన్నాడు మావయ్య.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నది ఎవరో బ్రేకమ్మకు వేరే చెప్పనక్కరలేదు. నర్సు యూనిఫారం బల్లమీద పెట్టి బయటికి నడిచాడు. ఆవిడ వెనకే నడిచింది. పిలవలేదు, అడగలేదు. కారు దగ్గరికి రాగానే వెనక తలుపు తీసి పట్టుకుంది. అతను ఒక్క నిమిషం తటపటాయించి ఎక్కాడు.

డ్రైవింగ్ స్కూలు కారు. నెత్తిన పెద్ద బోర్డు, ముందు రెండు సీట్లకూ రెండు జతల పెడల్సు. మావయ్య ముందు కూర్చుని కాళ్ళు వాటికి తగలకుండా ముడుచుకున్నాడు. బ్రేకమ్మ స్టీరింగు పట్టుకుంది గానీ బండి తియ్యలేదు. అద్దంలోంచి వెనక మనిషి మొహం చూస్తోంది.

"చెప్పు."

"ఇంధనం కోసం దిగలేదమ్మా," అన్నాడు నర్సు. "ఆ విమానం ఆగకుండా రాగలదు. నేను అందులో చాలాసార్లు వచ్చాను."

"మరెందుకు దిగింది?"

"ఒకరి కోసం. ఆయన ఇంకో విమానంలో అక్కడికి రావాలి. అది రావడం ఆలస్యమైంది. మీ తమ్ముణ్ణి అలాగే పడుకోబెట్టి, విమానాన్ని పక్కకు తీసి, ఆయన కోసం కాచుకున్నాం."

"ఎవరాయన?"

"అందరూ పెద్దాయన అంటున్నారు. యార్డు ఆయన."

మావయ్య "అదేంటి" అన్నాడు. బ్రేకమ్మకు తను ఫోన్లో పెట్టిన దణ్ణాలన్నీ ఒక్కసారిగా వెనక్కొచ్చి మొహాన కొట్టినట్టయింది.

"పరామర్శకు వచ్చాడా?" అన్నాడు మావయ్య, ఇంకా మంచే వెతుక్కుంటూ.

"పరామర్శకైతే అక్కడ ఆసుపత్రికే వెళ్ళేవాడు కదండీ, అదే ఊరు ఆయనది. అక్కడ గది బయట పోలీసు ఉన్నాడు. మంటల మీద విచారణ పూర్తయ్యేదాకా యార్డువాళ్ళెవరూ లోపలికి పోకూడదని ఉత్తర్వు. మధ్యలో దిగిన ఊళ్ళో ఏ పోలీసుంటాడు, ఏ ఉత్తర్వుంటుంది?"

తమ్ముడి భార్యకు చోటెందుకు లేకపోయిందో బ్రేకమ్మకు అప్పుడు అర్థమైంది. లోపల రెండు సీట్లు ఖాళీగా ఉన్నాయా అని అడగబోయి ఊరుకుంది. అడిగినా ఏం లాభం.

"ఏం కావాలి వాడికి మావాడి దగ్గర?"

నర్సు చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నాడు. "ఓడ అడుగునుంచి బయటికి రావడానికి ఒక తలుపుందటమ్మా. ఆ రోజు దానికి తాళం ఉంది. పనివాళ్ళు మాటిమాటికీ పైకెళ్ళి కాలక్షేపం చేస్తున్నారని పెద్దాయనే వేయించాడట. ఆ సంగతి తెలిసినవాళ్ళలో మిగిలింది మీ తమ్ముడొక్కడే. ఆ తాళం నేనే వేశానని మీ తమ్ముడు తన నోటితో చెప్పాలి. ఆయన ఫోను పట్టుకుని వీడియో తీస్తున్నాడు."

"నువ్వు అక్కడే ఉన్నావా?"

"మొదట ఉన్నాను. పేషెంటును కదిలించకూడదు సార్ అన్నాను. అప్పుడు మేనేజరు నుంచి ఫోనొచ్చింది. పావుగంట కిందికి దిగి నిలబడు, ఏం మునిగిపోదు అన్నాడు." అతను కిటికీ వైపు తిరిగాడు. "దిగానమ్మా. మెట్ల మీదే నిలబడ్డాను. లోపల మాటలు వినబడుతున్నాయి. చెప్పు, నీ పెళ్ళానికి నెలనెలా ఇల్లు గడుస్తుంది అన్నాడు. అడిగాడు, ఆగాడు. మళ్ళీ అడిగాడు. మాస్కులోంచి నీ మాట వినబడట్లేదు అన్నాడు. ఆ తర్వాత ఊపిరి చూసే యంత్రం కూత మొదలైంది. పరిగెత్తుకుంటూ పైకెళ్ళేసరికి మాస్కు మెడ కింద వేలాడుతోంది."

బయట సరుకుల లారీ ఒకటి వెనక్కి వస్తూ పీపీమంటోంది. మావయ్య కండువా నోటికడ్డం పెట్టుకున్నాడు. జన్మలో ఎవర్నీ తిట్టి ఎరగని మనిషి, ఆ కండువాలోంచే ఒక బూతుమాట అన్నాడు. తర్వాత దానికి సిగ్గుపడలేదు కూడా.

బ్రేకమ్మ వెనక్కి తిరిగింది. "కూత మొదలయ్యాక వెళ్ళావు. మాస్కు తీస్తుంటే వెళ్ళలేదు."

"లేదు."

"దిగమంటే దిగావు."

"దిగాను. అందుకే ఆ యూనిఫారం ఇంక ఒంటి మీద వేసుకోలేకపోయాను."

"నువ్వు యూనిఫారం విప్పితే మావాడికి ఊపిరొస్తుందా?" అంది. చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. అతను తల ఎత్తలేదు. కొట్టాలనే చెయ్యి లేచింది ఆవిడకు. సీటు వీపు పట్టుకుని ఆపుకుంది. ఈ పూట తిట్టాల్సినవాడు ఇతను కాడు. ఇతని వంతు తర్వాత వస్తుంది, తప్పకుండా వస్తుంది.

"వాడు చెప్పాడా?" అని అడిగింది. "తాళం తనే వేశానని చెప్పాడా?"

"లేదమ్మా. ఒక్క మాట చెప్పలేదు. నేను వెళ్ళేటప్పటికి కూడా తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. స్పృహ తప్పేదాకా ఊపాడు."

బ్రేకమ్మ ముందుకు తిరిగింది. మొండివెధవ, అనుకుంది. చిన్నప్పుడు పక్కింటి అద్దం పగిలితే పగలగొట్టింది నువ్వేనని ఒప్పుకోమని తనే నాలుగు వాయించింది. వాడు ఒప్పుకోలేదు, ఎందుకంటే వాడు పగలగొట్టలేదు. వాయిస్తున్నంతసేపూ అలాగే తల ఊపాడు. ఇప్పుడు ఆ తల ఆసుపత్రి మంచం మీద కదలకుండా ఉంది. ఆవిడ కారు తాళం తిప్పింది.

"నువ్వు ఈ మాటలు పోలీసుల ముందు చెప్పాలి."

"చెబుతానమ్మా."

"ఇప్పుడే. మనసు మారకముందే. మళ్ళీ ఎవడో ఫోను చేసి దిగమంటే దిగకుండా, నేను తలుపులు తాళం వేస్తున్నాను."

నిజంగానే వేసింది. కారు గేటు దాటింది. సీటుబెల్టు ముందు పెట్టుకోవాలని రోజుకు పాతికసార్లు చెప్పే మనిషి ఆ పూట పెట్టుకోనే లేదు; మావయ్యే వంగి పెట్టాడు. సగం దారిలో ఎర్రదీపం పడింది. ఆగిన ఆ కాసేపట్లో ఆవిడ మరదలికి ఫోను చేసి, అందరికీ వినబడేలా పెట్టింది. తమ్ముడి దగ్గరినుంచి కదలొద్దని, ఎవర్నీ లోపలికి రానివ్వొద్దని చెబుదామని.

"వదినా, నేనే చేద్దామనుకుంటున్నా," మరదలి గొంతు ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "కళ్ళు తెరిచారు వదినా. ఇందాకే. నన్ను పోల్చుకున్నారు. చెయ్యి నొక్కారు."

మావయ్య రెండు చేతులూ జోడించాడు. వెనక సీట్లో నర్సు మొదటిసారి తలెత్తాడు. బ్రేకమ్మకు కళ్ళముందు ఎర్రదీపం మసకబారింది. "మాట్లాడాడా?"

"మాట్లాడబోయారు. మాస్కుంది కదా, వినబడలేదు. మెల్లగా వస్తాయిలే మాటలు అన్నాడు డాక్టరు."

"నువ్వు వాడి పక్కనే ఉన్నావు కదూ?"

"లేదు వదినా, వరండాలో ఉన్నాను. లోపలికి ఒక్కరినే రానిస్తామన్నారు."

"ఒక్కరినే ఏంటి? లోపల ఎవరున్నారు?"

"మీకు చెప్పనే లేదు కదూ. పెద్దాయన వచ్చారు. మనకోసం అంత దూరంనుంచి విమానమెక్కి వచ్చారు వదినా. కాళ్ళకు దణ్ణం పెట్టి నేనే లోపలికి పంపించాను. యార్డు సంగతులేవో ఏకాంతంగా మాట్లాడుకోవాలట. ఇక్కడి నర్సును కూడా బయటికి పంపించేశారు. పావుగంట చాలన్నారు."